మెరవకూడని బంతి

విజయనగరంలో ఒకప్పుడు బౌలింగ్ హాలు ఉండేదంటే చాలామంది నమ్మరు. క్రికెట్ నేర్పే చోటా అని అడుగుతారు. కాదు. నున్నటి చెక్క దారి మీద బరువైన బంతిని దొర్లించి, అవతలి కొసన నిలబెట్టిన సీసాల్లాంటి పది పిన్నుల్ని పడగొట్టే ఆట అది. ఆ దారిని లేను అంటాం. బజారులో ఒక కాంప్లెక్సు పై అంతస్తులో అలాంటివి ఆరు లేన్లు ఉండేవి. పద్నాలుగేళ్లు వాటికి నూనె పట్టించాను, పిన్నులు నిలబెట్టే యంత్రాలు విప్పి బిగించాను, బంతుల ఒళ్లు తీర్చాను. హాలు మూతపడి అయిదేళ్లయింది. అక్కడ ఇప్పుడు సోఫాలు అమ్ముతున్నారు.

నేనిప్పుడు ఉండేది మా సొంతూరు నౌపడలో. మా ఇంటి వెనకే రైలు పట్టాలు. గూడ్సు పెట్టెలు ఒకదానికొకటి తగులుకున్న చప్పుడు వినిపిస్తే, అన్నం తింటున్నా సరే తలెత్తుతాను. పది పిన్నులూ ఒక్కసారే పడినట్టుంటుంది. "ఏటి, మళ్లా పడిపోనాయా నీ పిన్నులు?" అంటుంది మా ఆవిడ. వేళాకోళానికే అంటుంది గానీ, ఆ చప్పుడు కోసం నా ప్రాణం ఎంత కొట్టుకుంటుందో ఆవిడకు తెలుసు.

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, బంతికి ఏ నంబరు గరుకు బిళ్ల రుద్దాలి, ఎంతసేపు రుద్దాలి అని అడుగుతుంటారు. నంబర్లు డబ్బా మీదే రాసి ఉంటాయి. డబ్బా మీద రాయనివి ఇక్కడ రాస్తున్నాను. నేను ఎప్పుడు చేరాను, జీతం ఎప్పుడు పెరిగింది లాంటివి ఎవరికీ అక్కర్లేదు కాబట్టి వదిలేశాను. చేసినవాటిలో పెద్ద తప్పు ఒకటుంది. దాన్ని మాత్రం వదలడం లేదు.

కంటికి కనిపించని నూనె

నాకీ పని నేర్పింది సెల్వం. యంత్రాలు బిగించడానికి మద్రాసు నుంచి వచ్చి నలభై రోజులు ఉన్నాడు. సగం తెలుగు, సగం సైగలు. మొదటి రోజు నన్ను లేను పక్కన కూర్చోబెట్టి, నూనె ఎక్కడిదాకా ఉందో చెప్పమన్నాడు. నాకు లేనంతా ఒకేలా మెరుస్తూ కనిపించింది. వేలు పెట్టి చూడమన్నాడు. ముందు సగం దాటేదాకా జిడ్డు, ఆ తరవాత పిన్నుల దాకా పొడి. నూనెతోనూ పొడితోనూ మాకుండే పేచీ అంతా అక్కడే.

నూనె మీద బంతి జారుతుంది. పొడి తగలగానే నేలను పట్టుకుని మలుపు తిరుగుతుంది. ఆ మలుపుతో వెళ్లి వాటంగా తగిలితే పదీ పడతాయి. నూనె దట్టంగా ఉన్నప్పుడు బంతి నున్నగా ఉంటే జారుతూనే పోతుంది, తిరగాల్సిన చోట తిరగదు. అందుకని ఉప్పుకాగితం లాంటి గరుకు బిళ్లతో రుద్ది దాని మెరుపు చంపేస్తాం. నూనె పలచగా ఉంటే గరుకు బంతి తొందరపడి ముందే తిరిగిపోతుంది. అప్పుడు పాలిష్ పెట్టి మెరిపిస్తాం. లేను ఎలా ఉందో, ఆడే మనిషి చెయ్యి ఎలాంటిదో చూసుకుని, ఈ రెండింటి మధ్యా ఎక్కడ ఆగాలో తెలుసుకోవడమే ఉద్యోగం.

మాది ఉప్పు పండించే ఇల్లు. మడిలోకి ఉప్పునీరు పెట్టేముందు నేలను కాళ్లతో తొక్కి గట్టిపరుస్తారు. మా నాన్న ఉత్తకాళ్లతో మడంతా ఒకసారి నడిచి, "ఇక్కడ సాలు, అక్కడ ఇంకా తొక్కాల" అనేవాడు. మాకు తేడా తెలిసేది కాదు. "కళ్లతో సూస్తే ఏటి తెలుస్తాది? కాలెట్టి సూడు" అనేవాడు. ఈ సంగతి చెబితే సెల్వం నవ్వి, నా అరచెయ్యి తీసి బంతి మీద పెట్టి, ఇక్కడా అంతే అన్నాడు. అరచేత్తో బంతిని చూడటం నాకు వారంలో పట్టుబడింది. అందులో నా గొప్పేమీ లేదు. ఆ విద్య మా నాన్న కాళ్లది.

పొద్దున చూసిన లేను మధ్యాహ్నానికి ఉండదు. నలుగురు ఆడేసరికి నూనె బంతులకు అంటుకుని చెదిరిపోతుంది. వానాకాలం కరెంటు పోయి ఏసీ ఆగితే మరో గంటకు బంతి నడక మారుతుంది. కాబట్టి నిన్నటి లెక్కతో ఇవాళ బంతి ముట్టుకోకండి. చెయ్యి పెట్టి చూడండి, తరవాత రుద్దండి.

మేనేజరు గారి మెరుపు పిచ్చి

మా మేనేజరు సూర్యారావు గారు అంతకుముందు హోటల్లో పనిచేసి వచ్చారు. మనసు మంచిది, కోపం ఎక్కువ. ఆయన దృష్టిలో మెరిసేది శుభ్రం, మెరవనిది మురికి. నేను పొద్దున్నే ఒక బంతిని రుద్ది బూడిదరంగుకు తెస్తే, పదకొండింటికి ఆయన గుడ్డ తీసుకుని దాన్ని తుడుస్తూ ఉండేవారు. "వచ్చినోడు ఏటనుకుంటాడు అప్పన్నా? ఈ బంతికి తానం సేయించి ఎన్నాళ్లయిందంటాడు" అనేవారు. గుడ్డతో తుడిస్తే మెరుపు రాదని నేను చెప్పలేదు. ఆయన తృప్తి ఆయనది.

నరసన్నపేట నుంచి ఒక సిమెంటు వ్యాపారి వచ్చేవాడు. సొంత బంతి తెచ్చుకున్నాడు. అది తన కారులా తళతళలాడాలన్నాడు. మీ చేతికి గరుకు బంతే సరిపోతుందని నేనన్నాను. మేనేజరు గారు కలగజేసుకుని మెరిపించమన్నారు. మెరిపించాను. బంతి తిన్నగా జారిపోయి రెండు పిన్నులు, మూడు పిన్నులు పడగొట్టింది. లేనే బాగులేదన్నాడు ఆ వ్యాపారి. మేనేజరు గారు ఆయన ముందే నన్ను చీవాట్లు పెట్టారు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా, హాల్లోనే వదిలి వెళ్లిన ఆ బంతిని గరుకు చేశాను. ఆ వ్యాపారి వచ్చి వరసగా మూడుసార్లు పదీ పడగొట్టి మేనేజరు గారిని కౌగలించుకున్నాడు. చేతిలో ఉన్న బంతి వంక అతను చూస్తే కదా. "సూసినావా, మెరిపిస్తే ఎలాగున్నాదో" అన్నారు సూర్యారావు గారు. చిత్తం అన్నాను. ఆ మధ్యాహ్నమంతా నాలో నేనే నవ్వుకున్నాను.

చేసిన పని చెప్పకపోవడం నాకు అక్కడ అలవాటైంది. ఆ రోజు దానివల్ల మేలే జరిగింది కాబట్టి, అది చెడ్డ అలవాటని తెలుసుకోలేదు. ఈ పనిలో ఉన్నవాళ్లు చాలామంది ఇంతే. బంతి మనది కాదు, చెయ్యి మనది కాదు, ఆట మనది కాదు. అయినా రుద్దిన వెంటనే అంతా మనదే అనుకుంటాం.

లక్ష్మి టీచరు

భోగాపురం వైపు ఒక హైస్కూల్లో ఆటల టీచరు లక్ష్మి. సముద్రపు ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో పుట్టింది. ఒక ఆదివారం తోటి టీచర్లతో సరదాకి వచ్చి, మగవాళ్లు పక్కన పెట్టేసిన బరువు బంతిని తీసుకుంది. ఎత్తలేవమ్మా అన్నాను. "మా అమ్మ మోసిన సేపల తట్ట దీనికి రెండింతలుంటాది మావా" అంది. పరిచయమైన గంటకే మావా అని పిలిచింది. అప్పటినుంచి అదే పిలుపు.

ఆ బంతి విసిరిన తీరు చూసి నేను చేస్తున్న పని ఆపేశాను. మణికట్టు చివర చిన్న మెలిక ఉంది. అది ఎవరూ నేర్పింది కాదు. మేనేజరు గారితో మాట్లాడి, ప్రతి ఆదివారం పొద్దున్న హాలు తెరవకముందు రెండు గంటలు ఆమెకు ఆరో లేను ఇప్పించాను. అలా నాలుగేళ్లు ఆడింది. ఆమె సొంత బంతి ఒక్కటే, నీలం రంగుది.

ఆమె విసిరేది. నేను అవతలి కొస దగ్గర నిలబడి బంతి ఎక్కడ తిరుగుతుందో చూసేవాణ్ణి.

"పిసరంత ముందే తిరిగిపోతన్నాది మావా."

"ఇలా తే."

సన్న బిళ్లతో నాలుగు చుట్లు రుద్ది ఇచ్చేవాణ్ణి. మళ్లీ విసిరేది. ఈసారి బంతి ఆగినట్టే ఆగి, మనసు మార్చుకున్నట్టు పక్కకు తిరిగి వెళ్లేది. పదీ పడేవి. ఆమె వెనక్కి తిరిగి నా వైపు చూసేది, నవ్వేది కాదు, తల మాత్రం ఊపేది. నా బతుకులో అంతకన్నా మంచి రోజులు లేవు. పెళ్లాం పిల్లలున్నవాణ్ణి ఇలా రాయొచ్చో లేదో తెలియదు. ఉన్నమాట రాస్తున్నాను. నా పని ఏమిటో పూర్తిగా తెలిసిన మనిషి నాకు ఆ ఒక్కతే దొరికింది.

ముప్ఫయ్యారేళ్ల వయసులో ఆమె భుజం నొప్పి మొదలైంది. ఆ ఏడాది దసరా వెళ్లగానే హైదరాబాదులో రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీలు. ఆరుగురిని తీసుకుంటారు. "ఇదే ఆకరు మావా. ఈపాలి రాకపోతే మానేస్తాను. ఈ భుజం ఇంక ఒప్పుకోదు" అంది. అక్కడ లేన్లకు నూనె దట్టంగా, పొడుగ్గా పట్టిస్తారని ముందే కబురొచ్చింది. రెండు ఆదివారాలు మా లేనుకూ అలాగే నూనె పట్టించి, రకరకాలుగా రుద్ది చూసి, చివరికి వెయ్యి నంబరు బిళ్ల దగ్గర ఆగాం. నీలం బంతి బూడిద పట్టినట్టయింది. విసిరితే మాత్రం గీత గీసినట్టు తిరిగింది.

"ఇంక ముట్టుకోకు" అంది.

"నాకెందుకు" అన్నాను.

ఆయుధపూజ

ఆమె రైలు ఆయుధపూజ నాటి సాయంత్రం. బంతిని ముందురోజే హాల్లో వదిలి వెళ్లింది. "నాది కూడా అమ్మోరి ముందు ఎట్టు మావా. రేపు మా తమ్ముడొచ్చి పట్టుకెల్తాడు" అంది.

మా వైపు ఆయుధపూజ అంటే మీకు తెలుసు. రెంచీ దగ్గర్నుంచి లారీ దాకా కడిగి, తుడిచి, మెరిపించి, పసుపు కుంకుమ పెట్టనిదే మనసొప్పదు. ఆ రోజు పొద్దున్నే యంత్రాలకు బొట్లు పెట్టాం, గుమ్మానికి తోరణం కట్టాం. పైడితల్లి అమ్మవారి పటం ముందు హాలు బంతులన్నీ వరసగా పేర్చాం. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, అన్నీ అద్దాల్లా ఉన్నాయి. చివరన లక్ష్మి బంతి. దాని మీద దీపం వెలుగు పడినా కనిపించడం లేదు. పండగపూట తలంటు పోయకుండా కూర్చోబెట్టిన పిల్లలా ఉంది.

నాకు జాలేసింది. ఎంత తెలివితక్కువ మాటైనా నిజం అదే. సూర్యారావు గారు చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. పన్నెండేళ్లుగా ఆయన మెరుపు పిచ్చిని చూసి నవ్వుకున్న నేనే, పాలిష్ డబ్బా తీసి ఆ బంతిని యంత్రం మీద తిప్పాను. కాసేపటికి నీలం రంగు బయటికొచ్చి నిగనిగలాడింది. బొట్టు పెట్టి అమ్మవారి ముందు పెట్టాను. హారతి అయ్యాక మళ్లీ గరుకు చేద్దాం, పావుగంట పని అనుకున్నాను.

హారతి అయింది. మేనేజరు గారు భక్తి ఎక్కువై అక్షింతలు యంత్రాల మీద కూడా చల్లారు. బియ్యం లోపలికి పోయి, మూడో లేను యంత్రం పట్టేసింది. నేను దాని కింద దూరి ఒక్కొక్క గింజా ఏరుతున్నాను. పైన ఎవరో, "అప్పన్నా, టీచరుగారి తమ్ముడొచ్చాడు, బంతి ఇచ్చేశాం" అన్నారు. సరే అన్నాను. నా చెవులు విన్నాయి గానీ బుర్ర వినలేదు.

చేతులు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. రైలు అప్పటికే కదిలి ఉంటుంది. ఫోను జేబులోనే ఉంది. గరుకు బిళ్లలు ఆమె సంచిలో నేనే పెట్టాను. బంతికి పండగని పాలిష్ పెట్టాను, ఆట మొదలుకాకముందు వెయ్యి నంబరు బిళ్లతో రుద్దుకో అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఫోను తీశాను, పేరు దాకా వెళ్లాను. పూజ కోసం మెరిపించానని ఎలా చెప్పడం? నాకే సిగ్గేసింది. అక్కడి నూనె ఎలాగుంటుందో ఎవరు చూశారు, సరిపోతుందేమోలే అని నాకు నేనే సర్ది చెప్పుకుని ఫోను జేబులో పెట్టేశాను.

తప్పు పాలిష్‌లో లేదు. ఫోను జేబులో పెట్టడంలో ఉంది. చదివేవాళ్లు ఇది ఒక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు.

నాలుగు మాటలు

ఆమె ఏడో స్థానంలో వచ్చింది.

పోటీ మొదలయ్యాక బంతి ఒంటిని మార్చడానికి రూలు ఒప్పుకోదు. పొడిగుడ్డతో తుడుచుకోవచ్చు, అంతే. తరవాతి ఆదివారం మామూలు వేళకే వచ్చింది, బంతి సంచిలోంచి తీయలేదు. బల్ల మీద కూర్చుంది.

"ఎంత తిప్పినా తిరగలేదు మావా. సివర్దాకా జారిపోతానే ఉన్నాది. ఇంకా తిప్పుదామని భుజమంతా ఎట్టి యిసిరినాను. అయినా రాలేదు."

నేను ఒక పిన్ను తీసుకుని గుడ్డతో తుడవసాగాను.

"బంతి సరిగ్గానే ఉన్నాది కదా?"

"బంతిలో ఏటీ లోపం లేదమ్మా" అన్నాను.

నాలుగే మాటలు. ఆమె కుడిభుజం మీద చెయ్యి వేసుకుని లేను వైపు చూసింది. "అయితే నా సెయ్యే అయిపోనాది" అంది. చెయ్యి పనికిరాదని డాక్టరు చెప్పినా నమ్మని మనిషి, నా మాట మీద నమ్మింది. సంచి నా కాళ్ల దగ్గర పెట్టి, "ఇది నువ్వే ఉంచుకో మావా. నానేటి సేసుకుంటాను" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. మళ్లీ హాలుకు రాలేదు.

రెండేళ్లకు హాలు మూశారు. చివరి రోజు ఆరో లేనుకు ఆదివారం లెక్కనే నూనె పట్టించి, ఎవరూ ఆడకుండానే దీపాలు ఆర్పాను. నీలం బంతిని ఇంటికి తెచ్చుకుని, వెయ్యి నంబరు బిళ్లతో రుద్ది, ఆ పాలిష్ తీసేశాను. ఎన్నో దసరాలు వచ్చాయి. పూజలో మాత్రం దాన్ని పెట్టలేదు.

బడి అరుగు

పోయిన నెల కోటబొమ్మాళి బజారులో ఆమెను దూరం నుంచి చూశాను. ఆ దగ్గర్లో ఒక హైస్కూలుకు బదిలీ అయి వచ్చిందట. నేను కూరగాయల బస్తాల వెనక్కి తప్పుకున్నాను. ఏడేళ్ల తరవాత కూడా దాక్కునేవాడివి నువ్వేం మనిషివని దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. వారం తిరక్కుండా బంతి, నా పనిముట్ల సంచి పట్టుకుని ఆటో ఎక్కాను.

బడి వరండాలో కూర్చుని హాజరు పుస్తకం చూస్తోంది. జుట్టు కొంచెం నెరిసింది.

"ఏటి మావా, దారి తప్పినావా?" అని లేచి కుర్చీ వేసింది.

నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. అమ్మవారి ముందు బంతిని చూసి జాలేసిందని, పాలిష్ పెట్టానని, ఫోను తీసి జేబులో పెట్టేశానని, ఆ ఆదివారం అబద్ధమాడానని. ఆమె హాజరు పుస్తకం మూసింది.

"మెరుస్తన్నాదని ఆటకి ముందే నాను సూసినాను మావా" అంది చివరికి.

"సూసి?"

"మావ సేసినాడంటే ఏదో కొత్త కబురు తెలిసే సేసుంటాడనుకున్నాను. బిళ్లలు సంచిలోనే ఉన్నాయి. రుద్దుకుంటే పోను. నీ పని మీద నా సెయ్యెట్టకూడదని ఊరుకున్నాను."

అప్పుడు కూర్చున్నాను.

"ఏడేళ్లు ఈ భుజాన్ని తిట్టుకున్నాను. ఒక్క మాట సెప్పలేదేటి?"

"సిగ్గేసిందమ్మా."

"నీ సిగ్గుకి నా ఆట పోనాది." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

క్షమించమని అడగాలని ఇంటి దగ్గర అనుకుని వెళ్లాను. అడగలేకపోయాను. అడిగితే కాదనలేక ఔనంటుందేమోనని భయం వేసింది.

బెల్లు కొట్టారు. ఆటల పీరియడ్ ఆడపిల్లలు వరండాలోకి వచ్చారు. ఆ చివర గోడ దగ్గర ఇసక నింపిన నీళ్ల సీసాలు పది, ముందు ఒకటి, వెనక రెండు, మూడు, నాలుగు, అదే వరసలో నిలబెట్టారు. ఒక పిల్ల వాలీబాల్ తెచ్చి దొర్లించింది. అది సీసాలను తాకి పక్కకు ఎగిరిపోయింది. చూస్తూ ఉండిపోయాను. ఈ మనిషి ఆట మానేసిందనుకుంటున్నాను ఇన్నాళ్లూ.

లక్ష్మి నా సంచి విప్పి నీలం బంతి బయటికి తీసింది. అరచెయ్యి దాని మీద పెట్టి నెమ్మదిగా తిప్పింది.

"వెయ్యి నంబరు" అంది.

"వెయ్యే."

"ఈ అరుగు మీద నూనె లేదు. దీనికి ఏటి కావాల?"

నేను చెప్పులు విప్పి వరండా అంతా ఒకసారి నడిచి వచ్చాను. పొడి సిమెంటు, అక్కడక్కడ ఇసక. "నున్నగా ఉండాల. ఎంత నున్నగుంటే అంత మంచిది" అన్నాను.

"అయితే మెరిపించు."

"సిమెంటు దీన్ని తినేస్తాది లచ్చిమీ. నెల్లాళ్లలో ఒళ్లంతా గీతలు పడిపోతాది."

"అప్పుడు మళ్లా రా" అంది. బంతిని నా ఒళ్లో పెట్టి, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఈపాలి ఏటి సేసినా నోటితో సెప్పి సెయ్యి."

పిల్లలు చుట్టూ మూగారు. డబ్బా మూత తీశాను.

"పాలిష్ పెడతన్నానమ్మా" అని అందరికీ వినబడేలా చెప్పి, రుద్దడం మొదలుపెట్టాను.